ఇరవై ఆరో కిలో

ఏలూరు,
23 జూలై 2022

గోపీనాథ్‌కి,

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. నువ్వూ, గాయత్రీ, ఇందుజా బాగున్నారని మీ అక్క నిన్న ఫోనులో తెలుసుకుంది కాబట్టి ఆ సంగతి మళ్లీ అడగను.

మొన్న ఆదివారం మనిద్దరం జీఎస్టీ గురించి ఫోనులో మాట్లాడుకున్నాం కదా. నేను మాట్లాడాననే అనుకుంటున్నాను. అరిచానని మీ అక్క అంటోంది. పక్కింటాయన గోడ మీదుగా తొంగి చూసి, "ఏవండీ, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?" అని అడిగాడు. దాంతో మీ అక్క ఇంట్లో కొత్త చట్టం తెచ్చింది. పన్నుల మాట ఇక ఫోనులో ఎత్తకూడదు. చెప్పుకోవాల్సింది ఏమన్నా ఉంటే రాసుకోవాలి. "కాగితం మీద ఎంత అరిచినా నాకు వినపడదు" అంది. ఇల్లు ఆవిడ పేరు మీద ఉంది. అప్పీలుకి వెళ్లే చోటు లేదు.

అసలు విషయానికి వస్తాను. వాణిజ్య పన్నుల శాఖలో ముప్ఫై మూడేళ్లు పనిచేసి, సీటీవోగా రిటైరయినవాణ్ని. పన్ను అంటే నాకు పగ లేదు. నాకున్న అభ్యంతరం ఈ పన్ను మీదే. అమ్మకం మీద పన్ను వేసుకునే అధికారాన్ని రాజ్యాంగం రాసినవాళ్లు రాష్ట్రాలకిచ్చారు. నూట ఒకటో సవరణతో దాన్ని పట్టుకెళ్లి జీఎస్టీ మండలిలో పెట్టారు. అక్కడ ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడు వంతుల ఓటు విలువ కావాలి. కేంద్రం ఒక్కదానికే మూడింట ఒక వంతు ఉంది. అంటే రాష్ట్రాలన్నీ ఏకమై చేతులెత్తినా, ఢిల్లీ ఎత్తకపోతే పని జరగదు. రాష్ట్రం తన ఇంట్లో తాను పప్పులో ఉప్పు వేసుకోవడానికి ఊరందరినీ పిలిచి అడగాలా? రాష్ట్రాలకి ఇస్తామన్న ఐదేళ్ల పరిహారం కూడా గత నెలాఖరుతో సరి. మే నెలలో సుప్రీంకోర్టు మండలివి సిఫార్సులేనని, పార్లమెంటూ శాసనసభలూ వాటికి కట్టుబడి తీరాలని లేదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మొత్తం ప్రింటు తీయించి చదువుతున్నాను.

ఇప్పుడు బియ్యం మీద పడ్డారు. ఇరవై ఐదు కిలోల వరకూ సంచీలో పోసి లేబులు వేస్తే ఐదు శాతం. ఈ పద్దెనిమిదో తారీకు నుంచే అమలు. నువ్వు తాడేపల్లిగూడెంలో బియ్యం హోల్‌సేల్ వ్యాపారివి. హైకోర్టులో రిట్ వేయడానికి నీకంటే తగిన మనిషి లేడు. కాగితాలన్నీ నేను తయారుచేస్తాను. నువ్వు సంతకం పెడితే చాలు.

రాజ్యాంగం పక్షాన,
మీ బావ నరసింహమూర్తి

తా.క. బస్తాలో ఇరవై ఆరు కిలోలు పోసి అమ్ముతున్నావని విన్నాను. చట్టం అచ్చయిన సిరా ఆరకముందే దారి కనిపెట్టావు. నేను సర్వీసులో ఉండగా ఈ తెలివి ఎక్కడ దాచావు?


తాడేపల్లిగూడెం,
29 జూలై 2022

బావగారికి నమస్కారాలండీ.

మీ ఉత్తరం కొట్లోకి వచ్చేసరికి నేను కాటా దగ్గరున్నాను. పోస్టుమేన్ ఇచ్చిన కవరుని గుమస్తా కోర్టు నోటీసనుకుని, నా బల్ల మీద పెట్టకుండా పట్టుకుని వెనక్కి నడిచాడు. ఇక మీదట కవరు మీద "కుశలం" అని రాయండి.

సంతకం మాత్రం పెట్టనండి. మీరు పన్ను వసూలు చేసిన మనిషి, నేను కట్టిన మనిషిని. తిట్టాల్సిన నేను బాగుందంటున్నాను, మెచ్చుకోవాల్సిన మీరు తిడుతున్నారు. అక్క అరవద్దనడంలో తప్పేం లేదు.

నాకు రాజ్యాంగం తెలియదు. లారీ తెలుసు. మీరు సరిహద్దు చెక్‌పోస్టులో ఉన్నప్పుడు బరంపురం వెళ్లే నా లోడు ఆపారు, గుర్తుందా? వే బిల్లులో లారీ నంబరు ఒక అంకె తప్పు పడింది. డ్రైవరు పాపం, "మీ బావమరిదిగారి సరుకేనండీ" అన్నాట్ట. "అయితే ఇంకా జాగ్రత్తగా చూడాలి" అన్నారట మీరు. ఆ రాత్రి వాన పడి పై వరస బస్తాలు తడిశాయి. ఆ ఏడు రాఖీకి అక్క ఒక్కతే వచ్చింది. ఇప్పుడు చెక్‌పోస్టులే లేవు. ఇక్కడ ఎక్కిన లారీ బెంగళూరులో దిగుతోంది. రిటర్నులు నెలనెలా తలనొప్పే, పోర్టలు పనిచేయని రోజున మా ఆడిటరు ఫోను కూడా పనిచేయదు. అయినా నాకిదే నయమండి. పన్ను మంచిదైనంత మాత్రాన తప్పించుకునే దారి ఉంటే వదులుకోవాలని ఎక్కడా లేదు కదా. అందుకే ఇరవై ఆరు.

మీతో వేరే పని పడింది. మీ మేనకోడలి సంగతి. ఇందుజ బీకామ్ అయ్యాక హైదరాబాదులో ఆడిట్ కంపెనీ ఉద్యోగం వచ్చింది కదా. దసరా మర్నాడు, అక్టోబరు ఆరున చేరాలి. అది చేరనంటోంది. పెంటపాడు మిల్లు నుంచి పాత బియ్యం తీసుకుని, ఐదు కిలోల సంచుల్లో పోసి, తన పేరు మీద అమ్ముతుందట. దాని స్నేహితురాళ్లు బెంగళూరు అపార్టుమెంట్లలో ఉన్నారు, వాళ్లు కొంటారట. వేరే రాష్ట్రానికి అమ్మాలంటే రిజిస్ట్రేషను కావాలి. రిజిస్ట్రేషనుకి వ్యాపారం చేసే చోటు చూపించాలి. మన తూర్పు గోడౌన్ ఇస్తున్నానని నేను సమ్మతి పత్రం మీద సంతకం చేయాలి. చేయనన్నాను.

ఐదు కిలోల బియ్యం ఎవరు కొంటారండీ? మా ఇంట్లో అది వారానికి రాదు. పైగా ఐదు శాతం పన్ను చేతులారా నెత్తిన వేసుకోవడం. నేను నలభై ఏళ్లు దుమ్ములో బతికాను. అది ఏసీ గదిలో కూర్చుని మా లాంటివాళ్ల లెక్కలు చూస్తే నాకు చాలు.

దానికి మీ మాట అంటే గురి. ఈ పన్ను చెల్లదని, నేడో రేపో కోర్టు కొట్టేస్తుందని, ఇప్పుడు దిగితే మునుగుతావని మీరొక ఉత్తరం రాయండి. ఇంత సాయం చేస్తే మీరాపిన లారీ సంగతి మళ్లీ ఎత్తను.

అక్కకి నమస్కారాలు. ఆకివీడు నుంచి కొర్రమేను వచ్చినప్పుడు పంపుతాను.

మీ బావమరిది,
గోపీనాథ్


ఏలూరు,
4 ఆగస్టు 2022

గోపీనాథ్‌కి,

"కుశలం" అని కవరు మీద రాశాను, చూసే ఉంటావు.

నువ్వడిగిన పని అయింది. ఇందుజకి తొమ్మిది పేజీలు రాసి నిన్న స్పీడుపోస్టులో పంపాను. ఇరవయ్యో పేజీ దాకా వెళ్లేవాణ్ని, మీ అక్క దీపం ఆర్పింది. 246ఎ అధికరణం, 279ఎ అధికరణం, సమాఖ్య స్వభావం, ఓటు విలువ, అన్నీ పెట్టాను. చట్టం లోతు తెలియాలని రిజిస్ట్రేషను విధానం, ఇన్‌పుట్ క్రెడిట్, అంతర్రాష్ట్ర అమ్మకం కూడా వివరించాను. శత్రువు కోట ఎలా ఉందో తెలియకుండా ముట్టడి ఏమిటి? అది చదివాక ఆ పిల్ల జీఎస్టీ పేరు ఎత్తితే నన్నడుగు.

రిట్ సంగతి. మన ఏలూరు కోర్టులో జాషువా అని ప్లీడరున్నాడు. కుర్రాడే కానీ చురుకు. పొద్దున్నే వెళ్లి గంటసేపు కేసు చెప్పాను. అంతా విని, "బాగుందండీ. మీ బావమరిదిగారికి జరిగిన నష్టం ఏమిటి?" అన్నాడు.

"బియ్యం మీద ఐదు శాతం."

"ఆయన కడుతున్నారా?"

"లేదు. ఇరవై ఆరు కిలోలు పోస్తున్నాడు."

"అయితే ఆయనకి నష్టం లేదు కదండీ. కట్టని పన్ను చెల్లదని కోర్టుకెళితే, 'నీకేం పోయింది బాబూ' అంటారు జడ్జిగారు."

నువ్వు పోసిన ఆ ఒక్క కిలో నా కేసు గొంతు నులిమింది. జాషువా చెప్పేదాన్ని బట్టి, ఇరవై ఐదులోపు ప్యాకెట్లు వేసి, నిజంగా పన్ను కట్టే మనిషి ఒకరు కావాలి. ఒక్క నెల కట్టు. పది బస్తాలు చిన్న సంచుల్లో పోసి అమ్ము. ఆ రసీదు చాలు, మిగతాది జాషువా చూసుకుంటాడు.

దేశం కోసం ఆలోచించు.

బావ


తాడేపల్లిగూడెం,
14 ఆగస్టు 2022

బావగారూ, నమస్కారాలండీ.

దేశం తర్వాత. ముందు మీ తొమ్మిది పేజీలు మా ఇంట్లో ఏం చేశాయో వినండి.

ఇందుజ వాటిని మూడుసార్లు చదివింది. నాలుగోసారి ఎర్రపెన్ను పట్టుకుని చదివింది. రాత్రి భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, "నాన్నా, రిజిస్ట్రేషను ఎలా చేయాలో నాకు సగం అర్థమయ్యేది కాదు. మావయ్య ఎంత బాగా రాశారో!" అంది. సంచులు కొన్నప్పుడు కట్టిన పన్ను, కుట్టు మిషను మీద కట్టిన పన్ను వెనక్కి సర్దుకోవచ్చని మీ ఆరో పేజీలో ఉందట. నాకు తెలియదు, తెలిసినా చెప్పేవాణ్ని కాదు.

మీ రాజ్యాంగం వాదనకి కూడా జవాబు చెప్పింది. అది చెప్పినట్టే రాస్తున్నాను, తప్పుంటే దాన్నడగండి. "మావయ్య రాష్ట్రాలు పోగొట్టుకున్నదే రాశారు, సంపాదించింది రాయలేదు. ఇదివరకు సేవల మీద రాష్ట్రం పన్ను వేయలేకపోయేది, ఇప్పుడు వేస్తోంది. పైగా ఈ సవరణ ఢిల్లీలో అయిపోలేదు, సగానికి పైగా శాసనసభలు ఒప్పుకుంటేనే అమల్లోకి వచ్చింది. మనదీ ఒప్పుకుంది. ఇష్టపడి ఇచ్చినదాన్ని లాక్కున్నారంటే ఎలా?" గాయత్రి దానికి ఇంకో గరిటె పులుసు వేసింది. నాకు వేయలేదు.

రెండో సంగతి నా ఇరవై ఆరు. మన హమాలీ మేస్త్రి చిట్టిబాబు మీకు తెలుసు కదా. సోమవారం పొద్దున్నే లారీ పెట్టాక మనుషులెవరూ బస్తా ముట్టుకోలేదు. అందరూ అరుగు మీద కూర్చుని బీడీలు వెలిగించారు.

"ఏంటి చిట్టిబాబూ?"

"కిలో పెరిగిందండి. రేటు పెరగాలండి."

"ఒక్క కిలోకేనా?"

"మీకు ఒక్క కిలోనండి. మాకు బస్తాకి ఒక్క కిలోనండి. లారీకి పట్టే సరుకు అంతే కదండీ? బస్తాలు తగ్గాయి. బస్తాకింతని కదా కూలి. బరువు అంతే మోస్తున్నాం, కూలి తగ్గింది. ఢిల్లీవాళ్లు బియ్యం మీద వేసిన పన్ను మీరు మా మీద వేశారేంటండీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ లారీ కదలలేదు. మధ్యాహ్నానికి రేటు పెంచాను. ఇప్పుడు లెక్క చూస్తే ఇరవై ఆరు పోసి నేను మిగుల్చుకున్నది పెద్దగా లేదు. ఇది అక్కకి చెప్పకండి, ఇందుజకి చేరుతుంది.

ఇక మీ పది బస్తాల సంగతి. నేను ఒక్క రూపాయి కట్టను. పన్ను కట్టాలని సరదా ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే కట్టుకోమనండి. నేను అడ్డు రాను.

ఇందుజ కొన్నాళ్లు అత్త దగ్గర ఉండి వస్తానంటోంది. పంపుతున్నాను. అక్కడున్నన్నాళ్లూ ఉద్యోగం సంగతి దాని చెవిలో వేయండి. ఈసారి రాయకండి, నోటితో చెప్పండి.

మీ
గోపీనాథ్


ఏలూరు,
20 ఆగస్టు 2022

ప్రియమైన గోపీనాథ్,

నిన్ను తప్పుగా అర్థం చేసుకున్నాను. లోపల ఇంత విశాలంగా ఆలోచిస్తావని అనుకోలేదు.

ఇందుజ క్షేమంగా వచ్చింది. నీ ఉత్తరంలోని మాట చదివి వినిపించాను. నమ్మలేదు. నీ దస్తూరీ చూపించాక నమ్మింది. కళ్లు తుడుచుకుంది. "నాన్న అడ్డు రానన్నారా?" అని రెండుసార్లు అడిగింది. ఆ రోజు నుంచి పిల్ల హుషారుగా ఉంది. కాగితాల పని అంతా తనే చూసుకుంటోంది, ఫోటోలు తీయించుకుంది, ఆధారూ పాన్‌కార్డూ అప్‌లోడు చేసింది. నన్నేమీ అడగనివ్వడం లేదు. మీ అక్కా అదీ కంప్యూటరు ముందు కూర్చుని గుసగుసలు పోతున్నారు. నేను పెన్షనర్ల సంఘం సమావేశంలో "జీఎస్టీ: రాజ్యాంగ దృష్టి" అన్న ఉపన్యాసం తయారు చేసుకోవడంలో మునిగి ఉన్నాను.

ఇక్కడ వానలు. తమ్మిలేరు నిండుగా పారుతోంది. కొల్లేరులో నీళ్లెక్కువై చేపల లారీలు ఆలస్యంగా వస్తున్నాయని మార్కెట్లో చెప్పారు. నీ కొర్రమేను ఇంకా రాలేదు.

నీ పెద్దమనసుకి,
బావ


తాడేపల్లిగూడెం,
14 సెప్టెంబర్ 2022

నరసింహమూర్తిగారికి,

నమస్కారాలు తర్వాత పెడతాను.

కాగితాలంటే ఉద్యోగం కాగితాలనుకున్నాను. ఫోటోలంటే ఆఫీసు గుర్తింపు కార్డుకేమో అనుకున్నాను. కళ్లు తుడుచుకుందంటే ఇల్లు వదిలి హైదరాబాదు వెళుతున్నానన్న బెంగేమో అనుకున్నాను. నేను గాయత్రికి చదివి వినిపించి, "చూశావా, బావగారు ఒప్పించారు" అని కాలరు ఎగరేశాను కూడా.

నిన్న మా బియ్యం కమీషన్ ఏజెంటు ఏలూరు వెళుతూ మీ వీధిలో ఆగి ఒక ఫోటో పంపాడు. మీ గేటు. గేటుకి నీలం బోర్డు. "ఇందుజ రైస్". కింద పదిహేను అంకెల జీఎస్టీ నంబరు. బోర్డు పక్కన మీరు, బనీనుతో, మొక్కలకి నీళ్లు పోస్తూ. ఫోటో కింద వాడు రాసిన మాట: "మీ బావగారు రాజ్యాంగానికి నీళ్లు పోస్తున్నారా?"

మా వ్యాపారుల గ్రూపంతా అది తిరిగింది.

ఎవరైనా కట్టుకోమంటే నా కూతురు అని అర్థమా? అడ్డు రానంటే సమ్మతి అని అర్థమా? మీరు ముప్ఫై మూడేళ్లు చట్టం చదివి నా ఉత్తరాన్ని అలా చదివారు. నేను గోడౌన్ ఇవ్వనంటే మీరు ఇల్లు ఇచ్చారు. మీ రిట్‌కి ఒక మనిషి కావాలి, అందుకు నా పిల్లని వాడుకున్నారు. అదే కదండీ?

పెంటపాడు మిల్లు నుంచి మా గోడౌన్ ముందు నుంచే దాని బస్తాలు ఏలూరు వెళుతున్నాయట. చిట్టిబాబు మనుషులే ఎత్తారట. నాకెవ్వరూ చెప్పలేదు. అడిగితే, "మీ అమ్మాయిగారు కిలోల లెక్కన కూలి ఇస్తారండి, బస్తా లెక్కన కాదు" అన్నాడు.

ఆరో తారీకున ఉద్యోగంలో చేరమనండి. నేను గోడౌన్ ఇవ్వను. అంతే.

గోపీనాథ్


ఏలూరు,
18 సెప్టెంబర్ 2022

గోపీనాథ్‌కి,

నువ్వు పెట్టని నమస్కారం నేను అందుకున్నట్టే. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇందుజని ప్రోత్సహించాను. ఒప్పుకుంటున్నాను. నీ ఉత్తరాన్ని నాకు కావలసినట్టు చదువుకున్నాను, రిట్‌కి మనిషి దొరికిందని సంబరపడ్డాను. అది నిజమే. కానీ ఇల్లు ఇచ్చింది నేను కాదు. నేను పెన్షనర్ల సంఘానికి వెళ్లిన పూట మీ అక్క సమ్మతి పత్రం మీద సంతకం చేసింది. ఇల్లు తన పేరు మీదుంది కదా, నా సంతకం ఎవరికీ అక్కర్లేదట. నాకు తెలిసింది పన్నుల శాఖ నుంచి తనిఖీకి వచ్చిన మనిషి వల్ల.

గేటు తీసి చూస్తే సాల్మన్. ఒకప్పుడు నా కింద జూనియర్ అసిస్టెంట్. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు. "సార్, మీరా?" అని సెల్యూట్ కొట్టినంత పని చేశాడు. "వ్యాపార స్థలం చూడటానికి వచ్చాను సార్" అన్నాడు. "ఇక్కడ వ్యాపారమేంటి?" అన్నాను. వెనక నుంచి మీ అక్క, "వరండాలో. పక్కకి జరగండి" అంది.

అతనికి కాఫీ ఇచ్చి ఈ పన్ను ఎందుకు చెల్లదో ముప్పావుగంట చెప్పాను. పాపం తలూపుతూనే విన్నాడు. తర్వాత వరండా ఫోటో ఒకటి తీసి వెళ్లబోయాడు. నేను ఊరుకోలేకపోయాను. "అదేనా తనిఖీ? కాటాకి ముద్ర ఉందా చూశావా? కరెంటు బిల్లు మీద పేరు సరిచూశావా? లోపలి గది కొలిచావా?" అన్నాను. మళ్లీ మొదట్నుంచి చేయించాను. "సార్, మీరింకా సర్వీసులో ఉండుంటే ఈ అమ్మాయికి రిజిస్ట్రేషను వచ్చేది కాదు" అని సాల్మన్ వెళుతూ అన్నాడు. వచ్చింది. బోర్డు కూడా చట్టం ప్రకారం పెట్టాల్సిందే, కాబట్టి పెట్టించాను. మేకు వంకరగా కొడుతుంటే నేనే సరిగ్గా కొట్టాను.

ఉపన్యాసం రోజు పెన్షనర్లందరికీ ఈ సంగతి ముందే తెలుసు. నేను "ఈ పన్ను రాజ్యాంగ విరుద్ధం" అనగానే వెనక వరస నుంచి ఎవరో, "మీ గేటు మీద నంబరు చదవండి మాస్టారూ" అన్నారు. హాలంతా నవ్వు. పది నిమిషాలు ఆగి మిగతాది చదివాను. చప్పట్లు బాగానే కొట్టారు, దేనికో తెలియదు.

నీ కోపంలో ఒక భాగానికి నీకు ఊరట ఉంది. రిట్ లేదు. మొదటి రిటర్ను కోసం ఇందుజ లెక్కలు సరిచూసుకుంటున్న రోజున జాషువా కాగితాలు పట్టుకొచ్చాడు. సంతకం చేయమంటే చేయనంది. "నాకు నష్టమేముంది మావయ్యా? కొన్నవాళ్లు కడుతున్నారు, నేను చేతులు మార్చి గవర్నమెంటుకి ఇస్తున్నాను. సంచుల మీద కట్టింది సర్దుకున్నాను. నా సరుకు ఎక్కడా ఆగకుండా వెళుతోంది. నేను బాధపడుతున్నానని అబద్ధం రాయలేను" అంది. జాషువా ఫైలు కట్టేసి, ఐదు కిలోలు కొనుక్కుని వెళ్లాడు. బిల్లు అడిగి తీసుకున్నాడు.

నా అభిప్రాయం మారలేదు. ఓటు విలువలో ఆ లెక్క తప్పే. రాష్ట్రం చెయ్యి కట్టేయడం తప్పే. కానీ మంచి పన్నా కాదా అని నన్నడిగితే, ఇప్పుడు జవాబు చెప్పడానికి కాస్త నీళ్లు తాగాల్సి వస్తోంది. మా రోజుల్లో ఇరవై మూడేళ్ల ఆడపిల్ల వరండాలో కూర్చుని బెంగళూరుకి బియ్యం అమ్మడం నేను చూడలేదు. మేం అమ్మనిచ్చేవాళ్లం కాదు, ఎన్ని కాగితాలు అడిగేవాళ్లమో నాకు తెలుసు.

ఇక అసలు ఇబ్బంది. ఈ వానకి వరండా చెమ్మగా ఉంది. బియ్యం ఎక్కువ నిలవ పెట్టలేదు. పండక్కి బెంగళూరు ఆర్డరు పెద్దది వచ్చింది, తీసుకోవాలంటే పొడి గోడౌన్ కావాలి. లేకపోతే ఆర్డరు వదిలేసి, ఆరో తారీకున ఉద్యోగానికి వెళ్లిపోతానంటోంది. నీ మీద కోపంతో కాదు. "నాన్న గోడౌన్ ఉండగా ఇంకో చోట అద్దెకి తీసుకోను" అంటోంది. ఎవరి పోలికో నేను రాయనక్కర్లేదు.

నేను నిన్ను అడగను. నా మాట మీద నీకు నమ్మకం పోయింది, న్యాయమే. కింద మీ అక్క ఏదో రాస్తానంటోంది.

బావ

తమ్ముడూ, సంతకం చేసింది నేను. కోపం వస్తే నా మీద తెచ్చుకో. పిల్ల రోజూ ఫోను పక్కన పెట్టుకుని పడుకుంటోంది. ఉత్తరాలు మీ ఇద్దరికి పెట్టిన శిక్ష, దానికి కాదు. దానికి ఫోను చేయొచ్చు. — అక్క


తాడేపల్లిగూడెం,
28 సెప్టెంబర్ 2022

బావగారికీ అక్కకీ నమస్కారాలు. పోయినసారివి కూడా కలిపి పెడుతున్నాను.

ఫోను చేయలేదు. ఎందుకంటే మొన్న ఆదివారం నేనే ఏలూరు వచ్చాను. మీరెవరూ చూడలేదు.

ఇందుజతో కూర్చుని మాట్లాడి ఉద్యోగానికి ఒప్పించాలనే బయలుదేరాను. పొద్దున బండికి వచ్చి, స్టేషన్ నుంచి నడిచాను, ఏం చెప్పాలో దారిలో కూడబలుక్కోవచ్చని. మీ సందు మలుపు తిరిగేసరికి అంతా సిద్ధంగా ఉంది. గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల మీ గొంతు వినపడింది. ఎవరో పెద్దాయనకి 279ఎ చెబుతున్నారు. ఆయన, "అది సరేనండీ, బియ్యం ఎప్పుడిస్తారు?" అంటున్నాడు. ఇందుజ లోపల నవ్వుతోంది. అది అలా నవ్వగా మా ఇంట్లో నేను విని చాలా రోజులైంది. గేటు మీద చెయ్యి పెట్టి అక్కడే ఆగిపోయాను.

ఇంతలో ఒకావిడ స్కూటీ మీద వచ్చింది. టీచరమ్మలా ఉంది. పేరు బ్లెస్సీ అని తర్వాత చెప్పింది. నన్ను చూసి బండి దిగకుండానే, "ఏవండీ, ఐదు కిలోల బియ్యం ఇక్కడేనాండీ? నేనొక్కదాన్నే ఉంటానండి. పెద్ద బస్తా కొంటే పురుగు పడుతోంది, మేడ మీదకి మోయలేను కూడా" అంది.

నలభై ఏళ్లుగా బియ్యం అమ్ముతున్నానండి. ఒక్కరే ఉండేవాళ్లు కూడా అన్నం తింటారని నాకెప్పుడూ తట్టలేదు.

గేటు పక్కన అరుగు మీద సంచులు పేర్చి ఉన్నాయి. అలవాటు పోదు కదా, ఒక సంచీ మూల నుంచి నాలుగు గింజలు రాల్చి అరచేతిలో వేసుకుని చూశాను. ఒకటి కొరికాను. పాత బియ్యమే. నూక లేదు. వంక పెట్టడానికి కుట్టు ఒక్కటే దొరికింది, వంకరగా ఉంది. ఆ కుట్టు ఇందుజది కాదు, మీదని నా అనుమానం.

ఆవిడ, "బాగుంటాయాండీ?" అంది.

"బాగుంటాయమ్మా" అన్నాను.

"ఎవరిదండీ ఈ కొట్టు?"

లోపల ఉన్నది మీరు, సంతకం అక్కది, బోర్డు కొట్టింది మీరు. నేను చేసిందల్లా వద్దనడం. అయినా నోట్లోంచి ఏం వచ్చిందంటే, "మా అమ్మాయిదండీ."

ఆవిడ స్కూటీ ముందు ఒక సంచీ పెట్టి, బిల్లు లోపల తీసుకోమని చెప్పి, మళ్లీ సందులోంచి వెనక్కి వచ్చేశాను. లోపలికి వస్తే మీరు నన్ను కూర్చోబెట్టి రాజ్యాంగం చెబుతారు, ఆ పూట వినే ఓపిక లేకపోయింది. భీమడోలు దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, ఏం చూశానో అడిగితే చెప్పలేను.

తూర్పు గోడౌన్‌కి సమ్మతి పత్రం ఈ కవర్లోనే ఉంది. అదనపు వ్యాపార స్థలమని రాయాలట, మా ఆడిటరు చెప్పాడు, అలాగే రాయించాను. గోడౌన్ కడిగించి ఆరబెట్టాం. చిట్టిబాబు మనుషులకి కిలోల లెక్కన కూలి ఇస్తానని చెప్పాను, నా బస్తాలకి కూడా. హైదరాబాదు కంపెనీకి ఏం రాయాలో ఇందుజనే రాసుకోమనండి.

సంతకం ఎందుకు పెట్టారని ఇందుజ అడుగుతుంది. మీకు తోచిన అధికరణం ఏదో చెప్పండి. నా సంగతి మాత్రం ఇదీ. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు "మా అమ్మాయిదండీ" అని అనేశాక, ఇక పెట్టకుండా ఎలా ఉంటానండీ?

మీ
గోపీనాథ్